ఏడాది పొడవునా ఆఫీసుకి తిరిగే రోడ్ బైక్‌కి ఎలాంటి చక్రాలు వేయించాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. రానూపోనూ రోజుకి 24 కిలోమీటర్లు, ఎండైనా వానైనా ఆపే పని లేదు. మీ బరువు 85 కిలోలు, వెనక క్యారియర్ మీద లాప్‌టాప్ బ్యాగు. రిమ్ బ్రేకులున్న (అంటే చక్రం అంచైన రిమ్‌నే ప్యాడ్లు పట్టి ఆపే) రోడ్ బైక్, వెనక 11 పళ్లచక్రాలుండే 11 స్పీడ్. బైక్‌తో పాటు వచ్చిన 24 స్పోకుల వెనక చక్రంలో ఆరు నెలల్లో రెండు స్పోకులు తెగాయి, రిమ్ పక్కలు కూడా లోతుగా అరిగినట్టు కనిపిస్తున్నాయి. తక్కువ ఖర్చులో ఎక్కువ కాలం ఆగే చక్రాలు ఏవని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ముందూ వెనకా 32 రంధ్రాల హబ్బులు (చక్రం నడుమ ఇరుసు మీద తిరిగే భాగాలు), షిమానో కంపెనీ టియాగ్రా లేదా 105 మోడళ్ల స్థాయివి. లోపలి వెడల్పు 17 నుంచి 19 మి.మీ. ఉండే డబుల్ వాల్ అల్యూమినియం రిమ్ములు, ఒక్కోటి 450 నుంచి 600 గ్రాముల మధ్య. మధ్యలో సన్నగా ఉండే 2.0/1.8/2.0 మి.మీ. స్టెయిన్‌లెస్ స్పోకులు, మూడు క్రాసుల అల్లిక (ఒక్కో స్పోక్ మరో మూడింటిని దాటేలా), స్పోకుని రిమ్‌కి బిగించే నిపుళ్లు ఇత్తడివి. చేయి తిరిగిన మెకానిక్ చేత కట్టించుకోండి. లేదా మెషీన్ మీద కట్టినవే కొని, అదే మెకానిక్ చేత మళ్లీ బిగింపించుకోండి.

ఈ ఎంపిక వెనక ఉన్న లెక్క ఒక్కటే. రిమ్ బ్రేకు బండికి రిమ్ అనేది బ్రేకు ప్యాడ్ లాగే అరిగిపోయే సరుకు. హబ్ మిగిలే సరుకు. అందుకని రిమ్ పోయినా, స్పోక్ తెగినా, బేరింగు పాడైనా, ఆ ఒక్క ముక్కా మార్చుకుని మళ్లీ తిరగగలిగే చక్రమే చవక. ఇవాళ తక్కువ ధరకి వచ్చి, రెండేళ్లకి ఒక స్పోక్ దొరక్క మూలన పడే చక్రం చవక కాదు.

మీ స్పోకులు ఎందుకు తెగాయి

అవి గుంతలో పడ్డప్పుడే తెగాయని అనుకుంటూ ఉండవచ్చు. చాలామటుకు అలా జరగదు. చక్రం తిరిగే ప్రతిసారీ నేలకి ఆనిన చోట రిమ్ వెంట్రుకవాసి నొక్కుకుపోతుంది. సరిగ్గా అక్కడున్న కొద్ది స్పోకుల బిగువు ఆ క్షణానికి తగ్గుతుంది, నేల దాటగానే మళ్లీ మామూలవుతుంది. 28 మి.మీ. టైరు వేసిన చక్రం చుట్టుకొలత దాదాపు 2.13 మీటర్లు. మీ రోజువారీ దూరం ఏడాదికి 250 రోజుల లెక్కన 6,000 కిలోమీటర్లు. అంటే ఒక్కో స్పోక్ ఏడాదికి 28 లక్షల సార్లు సడలి బిగుసుకుంటోంది. తీగని చేత్తో అటూ ఇటూ వంచితే ఎలా విరుగుతుందో ఇదీ అంతే, కాకపోతే కంటికి కనపడని వంపు, లక్షల సార్లు.

తెగిన ముక్క ఉంటే పారేయకండి, ఎక్కడ తెగిందో చూస్తే జబ్బు తెలిసిపోతుంది. హబ్ దగ్గర మెడ వంపులో తెగితే అది అలసట: బిగువు తక్కువగానైనా ఉంది, లేదా కట్టినప్పుడు ఆ వంపుని ఫ్లాంజ్‌కి, అంటే స్పోకులు దూరే హబ్ అంచుకి, ఆనేలా సరిగ్గా కూర్చోబెట్టలేదు. నిపుల్ దగ్గర మరల్లో తెగితే స్పోక్ రిమ్‌లోకి వంకరగా దూరుతోందని అర్థం. చైన్ వైపు, మెడకి కాస్త పైన గీతలు పడి తెగితే చైన్ పెద్ద పళ్లచక్రం దాటి లోపలికి పడి నమిలింది. అప్పుడు చక్రాన్ని తిట్టుకోకుండా వెనక డిరైలర్ (గేర్లు మార్చే భాగం) హద్దు దాటకుండా ఆపే లిమిట్ స్క్రూ సరిచేయించండి.

మీరు చెప్పినదాన్ని బట్టి మీది మొదటి రకమే అయి ఉంటుంది. 24 స్పోకుల చక్రం మీద ఒక్కో స్పోకుకి పడే వాటా ఎక్కువ. పైగా వెనక చక్రంలో క్యాసెట్ (పళ్లచక్రాల గుత్తి) కోసం చోటు వదలాలి కాబట్టి చైన్ వైపు స్పోకులు నిటారుగా నిలబడతాయి, ఎడమ వైపువి ఏటవాలుగా ఉంటాయి. రిమ్ మధ్యలో నిలబడాలంటే చైన్ వైపు బిగువు 110, 120 కిలోల దాకా పెట్టినా ఎడమ వైపు దాదాపు సగంతోనే ఆగిపోవాలి. ఆ బిగువు తక్కువ స్పోకులే నేల దగ్గరికి రాగానే పూర్తిగా సడలిపోతాయి. నిపుళ్లు తిరిగి వదులయ్యేదీ అవే. బరువు మోసే వెనక చక్రంలో స్పోకుల సంఖ్య గురించి ఇంత పట్టుదల అందుకే.

ఇంకొక మాట. ఒక స్పోక్ తెగితే అదొక్కటీ మార్చండి. కొన్ని నెలల్లోనే అదే వైపు రెండోది తెగితే మిగతావన్నీ అదే వయసులో ఉన్నాయని గుర్తు. ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోవడం దండగ, మొత్తం స్పోకులు మార్చి మళ్లీ కట్టించడమే మేలు. మీ పాత చక్రం ఆ దశకి వచ్చింది. రిమ్ కూడా అరిగింది కాబట్టి దాని మీద ఇక డబ్బు పెట్టకండి.

స్పోకులు, నిపుళ్లు

మొత్తం 2.0 మి.మీ. మందం ఉండే ప్లెయిన్ స్పోకులు బలమైనవని చాలామంది అనుకుంటారు. లాగితే తెగే బలం చూస్తే నిజమే. కానీ లాగితే తెగే స్పోక్ ఎవరూ చూడరు, తెగేదంతా అలసటతోనే. రెండు కొసల్లో 2.0, మధ్యలో 1.8 మి.మీ. ఉండే స్పోక్ అదే బిగువులో దాదాపు నాలుగో వంతు ఎక్కువ సాగుతుంది. ఎక్కువ సాగిన స్పోక్, రిమ్ కాస్త నొక్కుకుపోయినా పూర్తిగా సడలదు, మధ్యలో సన్నని భాగమే సాగుతూ మెడ వంపుకి ఊరట ఇస్తుంది. డీటీ స్విస్ కాంపిటీషన్, సాపిమ్ రేస్ రెండూ ఈ కొలతవే, వీటిలో ఏదైనా ఒకటే. ఇంకా సన్నని 1.5 మి.మీ. స్పోకులు మీకు అవసరం లేదు. బిగించేటప్పుడు అవి మెలితిరిగిపోతాయి, కట్టేవాడికి ఓపిక కావాలి.

గాల్వనైజ్డ్ స్పోకులు వద్దు. వాన నీళ్లకి పైపూత పోయి తుప్పు మొదలవుతుంది, తుప్పు గుంట పడిన చోటే పగులు మొదలవుతుంది. అల్యూమినియం నిపుళ్లు కూడా వద్దు. 64 నిపుళ్లకి కలిపి మిగిలేది 40 గ్రాములో ఎంతో. స్టెయిన్‌లెస్ స్పోక్, అల్యూమినియం నిపుల్, మధ్యలో తడి, ఉప్పు చేరితే రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ తయారైనట్టే, అందులో తినబడేది అల్యూమినియమే. ఒకటి రెండు వర్షాకాలాల తర్వాత కీ పెట్టి తిప్పితే నిపుల్ తిరగదు, తల గుండ్రమైపోతుంది లేదా సగానికి విరుగుతుంది. ఇత్తడి నిపుల్ పదేళ్ల తర్వాత కూడా తిరుగుతుంది.

స్పోక్ కీ గురించి ఒక చిన్న హెచ్చరిక. నిపుళ్లలో రకరకాల కొలతలున్నాయి. పార్క్ టూల్ కీలలో నలుపు 3.23, ఆకుపచ్చ 3.30, ఎరుపు 3.45 మి.మీ. మీ నిపుల్‌కి పట్టే వాటిలో అన్నిటికన్నా బిగుతైన కీ వాడాలి. ఒక్క సైజు వదులుగా ఉన్నా నిపుల్ మూలలు పోతాయి. అన్ని సైజులూ ఒకదానిలోనే ఉండే గుండ్రటి బిళ్ల కీ మాత్రం పెట్టెలోనే ఉంచండి.

రిమ్

లోపలి వెడల్పు 17 నుంచి 19 మి.మీ. అంటే 25, 28, 32 మి.మీ. టైర్లు మూడూ చక్కగా కూర్చుంటాయి. పాత తరం 13, 15 మి.మీ. రిమ్ములు ఇంకా తగ్గింపు ధరకి దొరుకుతూ ఉంటాయి. వాటి మీద 28 టైరు బల్బులా ఉబ్బి మలుపుల్లో ఊగుతుంది. డీటీ స్విస్ ఆర్460 లాంటిది మీ అవసరానికి సరైన మధ్యస్థ రిమ్. ఇంకాస్త బరువైనా పర్లేదనుకుంటే టూరింగ్ కోసం చేసిన మావిక్ ఏ319 వంటి 19 మి.మీ. రిమ్ములు వెనక చక్రానికి బాగుంటాయి. పేరు కన్నా ముఖ్యంగా చూడాల్సినవి వేరే ఉన్నాయి: రిమ్ రెండు గోడలదై ఉండాలి, బ్రేకు పట్టే పక్కలు మెషీన్ మీద చదును చేసినవై ఉండాలి, అరుగుదల గుర్తు ఉండాలి. స్పోక్ రంధ్రాలకి ఐలెట్ (లోహపు చిన్న రింగు) ఉంటే మంచిదే, లేకపోతే రిమ్ అడుగు మందంగా ఉండాలి. పల్చని రిమ్‌ని ఎక్కువ బిగిస్తే నిపుళ్ల చుట్టూ నక్షత్రాల్లా పగుళ్లు వస్తాయి. అలాంటి పగులు ఒక్కటి కనిపించినా ఆ రిమ్ పని అయిపోయినట్టే.

లోతైన ఏరో రిమ్ములు, కార్బన్ రిమ్ములు ఈ పనికి కావు. రిమ్ బ్రేకు, కార్బన్, వాన, ఈ మూడూ కలిస్తే బ్రేకు ఎప్పుడు పడుతుందో మీ చేతిలో ఉండదు. హుక్ లేని, అంటే టైరు అంచుని పట్టి ఉంచే కొక్కెం లాంటి అంచు లేని రిమ్ములు కూడా పక్కన పెట్టండి. వాటికి గాలి ఒత్తిడి 5 బార్, అంటే సుమారు 72 పీఎస్ఐ మించకూడదు. వాటికని ఆమోదించిన ట్యూబ్‌లెస్ టైర్లు మాత్రమే వేయాలి. రోడ్డు పక్కన ఏ టైరు దొరికితే అది వేసుకుని ఆఫీసుకి చేరాల్సిన బండికి ఈ ఆంక్షలు అనవసరం. ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చే హుక్ రిమ్ అయితే ఇబ్బంది లేదు, కానీ కొన్నిటి మీద టైరు ఎంత బిగుతుగా ఉంటుందంటే వానలో తడిసిన వేళ్లతో పంక్చర్ వేయడం నరకం. కొనేముందు మీరు వాడే టైరుని ఒకసారి ఎక్కించి, చేత్తోనే దింపి చూడండి.

ఇప్పుడు అరుగుదల. వానలో రోడ్డు మీది ఇసుక నూరిన పేస్టులా బ్రేకు ప్యాడ్‌కి అంటుకుంటుంది. మీరు బ్రేకు పట్టిన ప్రతిసారీ రిమ్‌కి ఎమరీ కాగితం పెట్టి రుద్దినట్టే. పక్క గోడ 1 మి.మీ. కన్నా పల్చబడితే టైరు గాలి ఒత్తిడికే చీలి బయటికి విచ్చుకుంటుంది, చాలాసార్లు బ్రేకు పట్టిన క్షణంలోనే. గుర్తుగా ఇచ్చే గాడి గానీ చుక్క గానీ కనిపించకుండా పోతే రిమ్ మార్చే సమయం. గుర్తు లేని రిమ్ అయితే స్టీలు స్కేలు అంచుని బ్రేకు పట్టే చోట నిలువుగా ఆనించి వెలుతురుకి ఎదురుగా చూడండి. మధ్యలో వెలుతురు సందు కనిపిస్తే గోడ లోపలికి గుల్లపడుతోందన్నమాట, అర మిల్లీమీటరు దాటితే ఇక నడపకండి.

కచ్చితమైన కొలత కావాలంటే టైరు విప్పి, పాత 2.0 మి.మీ. స్పోక్ నుంచి 2 సెం.మీ. ముక్కలు రెండు కత్తిరించండి. ఒకటి రిమ్ లోపల హుక్ కింద, ఒకటి బయట బ్రేకు పట్టే గాడిలో, రెండూ రిమ్ వంపు వెంట పడుకునేలా పెట్టి, వాటి మీదుగా కాలిపర్ బిగించి కొలవండి. వచ్చిన అంకె నుంచి 4 మి.మీ. తీసేస్తే గోడ మందం. ముక్కలు పెట్టకుండా కొలిస్తే కాలిపర్ దవడ లోపల హుక్ మీద, బయట అరగని అంచుల మీద ఆనుకుని, అరిగిన రిమ్‌ని కూడా కొత్తదిలా చూపిస్తుంది. చుట్టూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చినదాన్ని నమ్మండి.

హబ్

షిమానో హబ్బుల్లో గోళీలు విడిగా ఉంటాయి, కప్పు, కోన్ మధ్య తిరుగుతాయి. వాళ్ల రోడ్ హబ్బుల్లో మామూలుగా ముందు ఒక్కో వైపు 3/16 అంగుళాల గోళీలు 10, వెనక ఒక్కో వైపు 1/4 అంగుళాలవి 9. ప్రత్యేకమైన ప్రెస్ అక్కర్లేదు, రెండు సన్న స్పానర్లు, గ్రీజు ఉంటే గంటలో సర్వీసు అయిపోతుంది. కానీ ఒక షరతు ఉంది: సర్వీసు చేయాలి. నీళ్లు చేరి గ్రీజు పాలలా తెల్లబడ్డాక కూడా తొక్కుతూ పోతే ముందు కోన్ మీద గుంటలు పడతాయి, తర్వాత కప్పు మీద. కోన్ మార్చొచ్చు. కప్పు హబ్‌లో భాగం, అది పోతే హబ్ పోయినట్టే.

మీరు ఏటా ఒకసారి విప్పే రకం కాకపోతే కార్ట్రిడ్జ్ బేరింగుల (గోళీలన్నీ ఒకే ముక్కలో మూసి ఉండే రకం) హబ్ తీసుకోండి. పాడైతే బేరింగు కొట్టి తీసి కొత్తది నొక్కడమే. అయితే కొనేముందు అందులో ఏ నంబరు బేరింగు ఉందో అడగండి. 6902 లాంటి మామూలు పారిశ్రామిక సైజు అయితే ఏ బేరింగుల దుకాణంలోనైనా దొరుకుతుంది. రెండు వైపులా రబ్బరు సీలు ఉన్న 2ఆర్ఎస్ రకమే అడగండి. కంపెనీకి మాత్రమే సొంతమైన సైజు అయితే ఆ హబ్ వదిలేయండి.

వెనక హబ్‌లో చూడాల్సింది ఫ్రీహబ్ బాడీ, అంటే క్యాసెట్ ఎక్కే గాళ్ల గొట్టం. తేలికపాటి హబ్బుల్లో ఇది అల్యూమినియం. విడివిడి పళ్లచక్రాల క్యాసెట్ వేసి బలంగా తొక్కితే అవి ఆ మెత్తటి గాళ్లలోకి కత్తిలా దిగుతాయి. ఒకరోజు క్యాసెట్ తీయబోతే రాదు, ఒక్కో చక్రాన్నీ సుత్తితో వెనక్కి తట్టాల్సి వస్తుంది. టియాగ్రా, 105 హబ్బుల్లో అది ఉక్కు, ఈ బెడద లేదు. మీది 11 స్పీడ్ కాబట్టి 11కి సరిపోయే బాడీయే కావాలి. రేపు అదే చక్రం మీద 8, 9 లేదా 10 స్పీడ్ క్యాసెట్ వేయాలంటే వెనక 1.85 మి.మీ. స్పేసర్ పెడితే సరి, 10 స్పీడ్ క్యాసెట్లలో చాలావాటికి మాత్రం వాటితో వచ్చే 1 మి.మీ. స్పేసర్ కూడా కావాలి. ఫ్రేములో వెనక చక్రం కూర్చునే సందు 130 మి.మీ. అవునో కాదో స్కేలుతో కొలిచి చూసుకోండి. రిమ్ బ్రేకు రోడ్ బైకులకి అదే మామూలు కొలత.

పొద్దు పోయాక తిరిగే పని ఎక్కువుంటే ముందు చక్రానికి డైనమో హబ్ (తిరుగుతూ లైటుకి కరెంటు ఇచ్చేది) ఆలోచించండి. 6 వోల్టులు, 3 వాట్లు, ఛార్జింగు గొడవ ఉండదు. ఖర్చు పెరుగుతుంది కానీ చక్రం కొత్తగా కట్టించేటప్పుడే వేయించడం తెలివి, తర్వాతైతే మళ్లీ మొదటి నుంచీ కట్టాలి.

రెడీమేడ్ చక్రాల సంగతి

20, 24 స్పోకుల రెడీమేడ్ చక్రాలన్నీ చెత్త అనను. 65 కిలోల మనిషి, బ్యాగు లేకుండా, మంచి రోడ్డు మీద వాటితో ఏళ్ల తరబడి తిరగొచ్చు. మీ బరువుకి, మీ బ్యాగుకి మాత్రం కుదరదు. అసలు తేడా తెగిన రోజున తెలుస్తుంది. 32 స్పోకుల చక్రంలో ఒకటి తెగితే రిమ్ కొద్దిగా ఊగుతుంది. బ్రేకు మీదున్న చిన్న లివర్ తెరిచి, తెగిన పుల్లని పక్క పుల్లకి చుట్టేసి నెమ్మదిగా ఇంటికి చేరొచ్చు. 20 స్పోకుల చక్రంలో ఒకటి తెగితే రిమ్ ఫ్రేముకే రాసుకుంటుంది, బండి తోసుకుంటూ నడవాల్సిందే. పైగా వాటిలో వాడే చదునైన, మెడ వంపు లేని స్పోకులు ఆ మోడల్‌కి మాత్రమే సరిపోయే పొడవులో ఉంటాయి. అది ఆర్డరు పెట్టి తెప్పించుకునే దాకా బండి గోడకి ఆనించి ఉంటుంది.

బరువు గురించి దిగులు పడకండి. పైన చెప్పిన జత 1,900 నుంచి 2,200 గ్రాములు తూగుతుంది. ఖరీదైన తేలిక జత 1,500 చుట్టూ ఉంటుంది. ఆ తేడా మీ బ్యాగులో ఉన్న నీళ్ల సీసా అంత.

మీ బరువు 95 కిలోలు దాటి, క్యారియర్ మీద రెండు పక్కలా సంచులు ఉండి ఉంటే వెనక 36 అనేవాణ్ని. ముందు చక్రానికి 28 కూడా సరిపోతుంది, కానీ రెండింటికీ 32 ఉంటే రేపు రిమ్ముల్లో ఏది దొరికినా ఏదో ఒక చక్రానికి పనికొస్తుంది.

చక్రం చేతికొచ్చాక

డబ్బు పెట్టాల్సిన చోటు నిజానికి ఇది. ఒకే భాగాలతో కట్టిన రెండు చక్రాల్లో ఒకటి ఆరు నెలలకే స్పోకులు తెంపుకుంటుంది, ఒకటి పదేళ్లు కీ చూడదు. తేడా అంతా బిగింపులోనే. మెషీన్ మీద కట్టినవి బెండ్ లేకుండా చక్కగా తిరుగుతాయి, కానీ తరచూ బిగువు తక్కువ, ఒక స్పోకుకీ పక్కదానికీ పొంతన ఉండదు, మెడ వంపులు ఫ్లాంజ్‌కి ఆనవు.

మెకానిక్‌కి ఇలా చెప్పండి. ప్రతి నిపుల్ మర దగ్గరా, రిమ్‌లో అది కూర్చునే చోటా ఒక్కో చుక్క పల్చని నూనె వేయాలి. చైన్ వైపు బిగువుని రిమ్ కంపెనీ చెప్పిన హద్దు లోపల 110 నుంచి 120 కిలోల దాకా తేవాలి, పార్క్ టూల్ టీఎం-1 లాంటి మీటరుతో చూసి. ముందు చక్రానికి 100 చుట్టూ చాలు. తర్వాత చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వైపు పక్కపక్కనే సమాంతరంగా పోయే రెండేసి స్పోకులని రెండు చేతులతో పట్టి గట్టిగా పిండాలి. చేతికి గ్లవ్స్ లేకపోతే అరచేతిలో గీతలు పడేంత గట్టిగా. చక్రం చుట్టూ ఇలా చేస్తే వంపులు తమ చోట్లలో కూర్చుంటాయి, స్పోకుల్లో మెలి ఉంటే టిక్ టిక్ అంటూ విడిపోతుంది. దాంతో చక్రం కాస్త బెండ్ అవుతుంది. సరిచేసి మళ్లీ పిండాలి. పిండాక కూడా బెండ్ మారకపోతే పని అయినట్టు. ఈ పిండుడు చేయని చక్రమే మొదటి రోజు తొక్కగానే టింగ్ టింగ్ మని మోగుతుంది, వారం తిరక్కుండా బెండ్ అవుతుంది.

మీరు ఇంట్లో చేయగల పరీక్షలు మూడు. ఒకే వైపు స్పోకులని గోటితో మీటుతూ పోండి, వీణ తీగల్లా దాదాపు ఒకే శ్రుతి పలకాలి. ఒకటి బొంగురుగా పలికితే అది వదులు. చైన్ వైపుకీ ఎడమ వైపుకీ శ్రుతి వేరుగా ఉండటం మామూలే, వాటిని పోల్చకండి. రెండోది, బ్రేకు ప్యాడ్ పక్కన చక్రం తిప్పి చూస్తే ఊగుడు అర మిల్లీమీటరు లోపు ఉండాలి. మూడోది, చక్రాన్ని తీసి కుడిఎడమలు మార్చి ఫ్రేములో పెట్టండి. వెనక చక్రమైతే చైన్ పక్కకి తప్పించి, ఊరికే కూర్చోబెట్టి చూస్తే చాలు. రిమ్ రెండుసార్లూ ఒకే చోట ఉండాలి. లేకపోతే చక్రం మధ్యలో లేదు, బ్రేకు ఒక పక్కే పట్టేస్తుంది.

రిమ్ టేపు మర్చిపోకండి. ట్యూబుకి లోపలి వైపు, స్పోక్ రంధ్రాల వరసలో పంక్చర్ పడుతోందంటే తప్పు రోడ్డు మేకులది కాదు, టేపుది. వదులు రబ్బరు పట్టీ తీసేసి, రిమ్ లోపలి గాడికి సరిపోయే వెడల్పున్న గుడ్డ టేపు అంటించండి.

టైరు విషయానికొస్తే, మీ ఫ్రేము ఒప్పుకుంటే 28 వేయండి. మామూలు రోడ్ బ్రేకు కాలిపర్ కింద మడ్‌గార్డుతో కలిపి 28 పట్టకపోవచ్చు, ముందే చూసుకోండి. మీ బరువుకి వెనక 75 నుంచి 80, ముందు 65 నుంచి 70 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి. వెడల్పు టైరు స్పోకులకి కూడా మేలు చేస్తుంది.

వాన రోజుల్లో

తడిసి ఇల్లు చేరాక రిమ్ పక్కలని తడి గుడ్డతో ఒక్క చుట్టు తుడవండి, రెండు నిమిషాల పని. వారానికోసారి బ్రేకు ప్యాడ్ల మొహం చూడండి. మెరుస్తున్న వెండి చుక్కలు కనిపిస్తే అవి మీ రిమ్ నుంచి ఊడిన అల్యూమినియం పెళ్లలు. సూదితో పెకిలించి, ఆకురాయితో మొహం గీకేయండి. కర్ర్ మనే చప్పుడు వచ్చాక తీద్దామని ఆగితే అప్పటికే గాడి పడి ఉంటుంది. కూల్ స్టాప్ వారి శాల్మన్ రంగు ప్యాడ్లు తడిలో బాగా పడతాయి, రిమ్‌ని తక్కువ తింటాయి. రిమ్ ధరతో పోలిస్తే వాటి ధర లెక్కలోది కాదు.

ప్రెషర్ పంపుతో హబ్ మీద నీళ్లు కొట్టకండి. సీళ్లు చినుకులకి ఆగుతాయి, ఆ జోరుకి ఆగవు.

కోన్ హబ్‌ని ఏటా వర్షాకాలం ముగిశాక విప్పండి. పాత గ్రీజు తుడిచి, గోళీలు మెరుపు తగ్గి ఉంటే కొత్తవి వేయండి, కోన్ మీద వేలి గోరు నడిపి గుంటలు తగులుతాయేమో చూడండి, కప్పుని సగం పైగా గ్రీజుతో నింపి కూర్చోబెట్టండి. బిగింపులో ఒక మెలిక ఉంది. క్విక్ రిలీజ్ (చక్రాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే లివర్) బిగించినప్పుడు యాక్సిల్, అంటే ఇరుసు, వెంట్రుకవాసి నొక్కుకుపోతుంది. చక్రం చేతిలో ఉన్నప్పుడు యాక్సిల్‌కి అతి కొద్ది ఊగుడు ఉండాలి, ఫ్రేములో పెట్టి లివర్ మూయగానే అది పోవాలి. చేతిలోనే ఊగుడు లేకుండా బిగిస్తే ఫ్రేములో అది బిర్రుగా మారి నెలల్లోనే కోన్ తినేస్తుంది. ఫ్రీహబ్‌లోని పాళ్లకి (తొక్కినప్పుడు మాత్రమే పట్టుకునే చిన్న నాలుకలకి) మాత్రం చిక్కటి గ్రీజు పెట్టకండి, అవి అతుక్కుని పెడల్ ఖాళీగా తిరుగుతుంది.

రిమ్ అరిగాక

మొదట్లో చెప్పిన లెక్క ఫలించేది ఇక్కడే. అదే మోడల్ రిమ్, లేదా ఈఆర్‌డీ, అంటే స్పోకుల పొడవు లెక్కకి వాడే రిమ్ లోపలి వ్యాసం, 2 మి.మీ. తేడాలో ఉన్న 32 రంధ్రాల రిమ్ తెచ్చుకోండి. వాల్వ్ రంధ్రం పక్కనున్న మొదటి స్పోక్ రంధ్రం పాతదానిలో ఏ వైపుకి జరిగి ఉందో కొత్తదానిలోనూ అటే ఉండాలి. రెండు రిమ్ములనీ వాల్వ్ రంధ్రాలు ఎదురెదురుగా పెట్టి నాలుగు చోట్ల టేపు చుట్టండి. నిపుళ్లన్నీ ముందు ఒక్కో చుట్టు, మళ్లీ ఒక్కో చుట్టు వదులు చేసుకుంటూ పోండి. ఒకే చోట పూర్తిగా విప్పేస్తే మిగతావాటి మీద బరువు పడుతుంది. తర్వాత ఒక్కో స్పోకునీ పాత రిమ్ నుంచి తీసి ఎదురుగా ఉన్న కొత్త రంధ్రంలో కొత్త నిపుల్‌తో, నూనె చుక్కతో బిగించండి. ఏ స్పోకూ హబ్‌లో తన చోటు నుంచి కదలదు కాబట్టి మెడ వంపు ఎలా కూర్చుందో అలాగే ఉంటుంది. ఇంతవరకూ ఒక్కటీ తెగని, తుప్పు లేని స్పోకులైతే ధీమాగా మళ్లీ వాడొచ్చు. ఆఖర్న పైన చెప్పిన బిగింపు, పిండుడు.

రేపు బండి మార్చి డిస్క్ బ్రేకులకి వెళితే రిమ్ అరిగే బాధ పోతుంది, మిగతా సలహా అంతా అలాగే నిలుస్తుంది. ముందు చక్రంలో కూడా ఎడమ వైపు, అంటే డిస్క్ వైపు, బిగువు ఎక్కువ ఉంటుందని గుర్తుంచుకోండి. వెనక సందు అప్పుడు 130 కాదు, 135 క్విక్ రిలీజ్ గానీ 142 మి.మీ. త్రూ యాక్సిల్ (ఫ్రేము గుండా దూరే ఇరుసు) గానీ అవుతుంది. ఈ హబ్బులు అక్కడ పనికిరావు.

చక్రాలు కట్టించేటప్పుడే ముందు చక్రం స్పోకులు రెండు, వెనక చైన్ వైపువి రెండు, ఎడమ వైపువి రెండు అదనంగా అడిగి తీసుకోండి. మూడు పొడవులూ వేరువేరుగా ఉంటాయి, ఒక్కో జతకీ కాగితం చుట్టి పొడవు రాయండి. నాలుగు నిపుళ్లతో కలిపి సీటు పోస్ట్ లోపల దూర్చి, మోగకుండా గుడ్డ ముక్క కుక్కితే అక్కడే పడి ఉంటాయి. చైన్ వైపు స్పోక్ మార్చాలంటే ముందు క్యాసెట్ తీయాలి, కాబట్టి లాక్ రింగ్ టూల్, చైన్ విప్ ఇంట్లో ఉంచుకోండి. తిరిగి బిగించేటప్పుడు లాక్ రింగ్‌కి 40 న్యూటన్ మీటర్లు.